చెరిసగం మందు

“తోక ఇంకోసారి కడుగు. మైలవరం ఆసామి బయల్దేరానని ఫోన్ చేశాడు. తడారాక కాస్త అత్తరు కూడా రాయి,” అని చెప్పి ఖాలిక్ గడ్డం గీసుకోడానికి లోపలికి పోయాడు. పెళ్ళిచూపులకి కూతుర్ని ముస్తాబు చెయ్యమన్నంత తేలిగ్గా చెప్పాడు.

మొగుడి మాటకి అన్వరీ బకెట్టు దగ్గరికి లాక్కుంది. చాందినీ తోక కడగడం ఆమెకి కొత్తా ఏమిటి? విజయవాడలో ఎంతమంది పెళ్ళికొడుకులు ఎక్కి ఊరేగారో ఆ తెల్ల గుర్రాన్ని. పేరుకి అది ఖాలిక్ గుర్రం. లద్దె ఎత్తేది అన్వరీ, ఉలవలు ఉడకేసేది అన్వరీ, టపాకాయల మోతకి బెదిరి ఇంటికొస్తే మెడ నిమిరి ఊరుకోబెట్టేదీ అన్వరీయే. పెళ్ళివాళ్ళ ముందు కళ్ళెం పట్టుకుని దర్జాగా నడిచేది మాత్రం ఆయనగారు.

రెండేళ్ళ కిందట చాందినీకి కడుపులోనే పిల్ల చచ్చి పడింది. అదే వానాకాలం అన్వరీకీ ఐదో నెలలో పోయింది. ఆ తర్వాత ఇద్దరికీ కడుపు నిలవలేదు. చాందినీని ఒకటికి నాలుగుసార్లు మగ గుర్రంతో దాటించారు. అన్వరీ సంగతి వేరే చెప్పాలా? “మా ఇంట్లో రెండూ గొడ్లేనండీ,” అని ఖాలిక్ టీకొట్టు దగ్గర నవ్వుతూ అన్న మాట పాలకోసం వెళ్ళిన ఆమె చెవిన పడనే పడింది. ఎంత పొదుపు మాటో చూడండి! పశువూ గొడ్డే, కడుపు పండని ఆడదీ గొడ్డే. ఒక్క మాటతో ఇద్దరినీ ఒకే గాటన కట్టేశాడు మహానుభావుడు.

కడుపు పోయినప్పుడు ఆసుపత్రిలో అన్వరీకి మాత్రలు రాసిచ్చారు. జ్వరం తగ్గినా ఆపొద్దని, కోర్సు మొత్తం వాడాలని మరీ మరీ చెప్పారు. జ్వరం తగ్గింది. అప్పుడే చాందినీ తోక కింద చీము కనబడింది. “నీకు తగ్గిపోయిందిగా, ఊరికే ఎందుకు మింగడం? దీనిదీ అదే రోగం, అదే మందు,” అని ఖాలిక్ మిగిలిన మాత్రలు బెల్లంలో కుక్కి గుర్రానికి పెట్టాడు. అక్కణ్ణించి అదే అలవాటైపోయింది. రోగం తిరగబెట్టినప్పుడల్లా పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే మాత్రలు తేవడం, సగం పెళ్ళానికి, సగం గుర్రానికి పంచడం. వాసన తగ్గితే గుర్రానికి ఆపేసేవాళ్ళు. లేచి పొయ్యి దగ్గరికి రాగలిగితే అన్వరీకి ఆపేసేవాళ్ళు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట, తన ఒంటి వాసన తనకే వెగటు. అత్తతో చెప్పుకోబోతే, “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దే. ఆడపుట్టుక పుట్టాక ఇయ్యన్నీ మామూలే,” అని నోరు నొక్కేసేది.

పోయిన వారం ఖాలిక్ ఊళ్ళో లేనప్పుడు అన్వరీయే చాందినీని పశువుల ఆసుపత్రికి నడిపించుకెళ్ళింది. డాక్టర్ రూతు గారు గర్భసంచిలో చీము తీసి ల్యాబుకి పంపించారు. మూడోనాడు మళ్ళీ తీసుకెళ్తే రిపోర్టు వచ్చి ఉంది. అది చూసి ఆవిడ తల పట్టుకున్నారు.

“ఏ మందుకీ లొంగట్లేదమ్మా లోపలున్న బాక్టీరియా. ఇదివరకు ఏం వాడారు?”

అన్వరీ బెల్లం సంగతి చెప్పింది.

“అయ్యో రాత! మనిషి మాత్రల్లో సగం గుర్రానికి ఏ మూలకమ్మా? చచ్చేవి చచ్చాయి, మొండివి మిగిలాయి. ఆ మొండివే పిల్లల్ని పెట్టి కూర్చున్నాయి. ఇంక దీన్ని మగ గుర్రం దగ్గరికి పంపకండి, దానికీ అంటుకుంటుంది. లోపల కడుగుతూ చూద్దాం. పిల్లని మాత్రం కనదు.” గ్లవ్సు విప్పుతూ విప్పుతూ ఆవిడ ఆగారు. “మిగతా సగం నువ్వు మింగానన్నావుగా. మరి నీకెవరు పరీక్ష చేశారు?”

అన్వరీ ఆ రిపోర్టు వైపు చూసింది. గుర్రానికి రిపోర్టుంది. తనకి లేదు. ఇన్నాళ్ళలో తనకి కూడా ఉండాలేమోనని తనకే తట్టలేదు. చాందినీ మెడ మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. గుర్రం కోసమే ఏడుస్తోందనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

ఇంటికొచ్చాక చెబితే ఖాలిక్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అట్టయితే నలుగురికీ తెలిసేలోపే అమ్మేద్దాం,” అన్నాడు.

మైలవరం ఆసామి తిరుపతిరావు కారులో దిగాడు, వెనకే వ్యాను. మామిడి తోటలో సరదాకి గుర్రాలు పెంచుతాడట, జాతి మగ గుర్రం కూడా ఉందట. పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు.

“ఈనుద్దా?”

“బంగారమండీ. ఒక్కసారి దాటిస్తే చాలు,” అన్నాడు ఖాలిక్.

“దీని గర్భసంచిలో చీముందండీ,” అంది అన్వరీ గుమ్మంలోంచి. “ఏ మందూ పనిచెయ్యట్లేదు. మీ మగదానికీ అంటుద్ది.”

తిరుపతిరావు ఆమె వైపు చూడలేదు, ఖాలిక్ వైపు చూశాడు. ఖాలిక్ నవ్వేశాడు. “పెంచుకున్న మమకారమండీ. అమ్మనీకుండా కతలు చెప్పుద్ది. పిల్లల్లేని మనిషి గదా.”

“ఆడాళ్ళంతేలే,” అని ఆయనా నవ్వాడు.

వ్యాను తలుపు దించి, ఎక్కడానికి చెక్క పలక వేశారు. చాందినీ ఎక్కలేదు. ముందునుంచి లాగారు, వెనకనుంచి తోశారు, గిట్టలు నేలలో పాతినట్టు నిలబడిపోయింది. “అన్వరీ, నువ్వు రా! నువ్వు పిలిస్తే ఎక్కుద్ది,” అని కేకేశాడు ఖాలిక్.

నిజమే. ఆమె పిలిస్తే ఆ పిచ్చిది నిప్పుల్లోకైనా నడుస్తుంది. అన్వరీ వెళ్ళింది. నుదుటికి నుదురు ఆన్చి, “నన్ను క్షమించు తల్లీ,” అంది మెల్లగా. దాని వెనక వైపుకి వెళ్ళి, తానే కడిగి తానే అత్తరు రాసిన తోకని పైకెత్తి పట్టుకుంది. పెనుగులాటకి లోపలున్నదంతా జారి, పచ్చగా చిక్కగా తొడల మీదుగా కారుతోంది. ఆ కంపుని ఏ అత్తరూ ఆపలేదు.

“నా మాట నమ్మొద్దులెండి,” అంది. “ఇది చూడండి.”

తిరుపతిరావు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి గెంతాడు. ఖాలిక్‌ని నానా తిట్లూ తిట్టి కారెక్కాడు. వ్యాను ఖాళీగా పోయింది.

“నీకేం పోయేకాలమే గొడ్డుదానా! ఇప్పుడీ గొడ్డుని ఎవడు కొంటాడు?” అని ఖాలిక్ వీధంతా వినబడేలా అరిచాడు. అన్వరీ గోరువెచ్చని నీళ్ళు తెచ్చి చాందినీ కాళ్ళు కడిగింది, తోక కడిగింది. అత్తరు జోలికి పోలేదు. ఉలవలు పెట్టి, చేతులు కడుక్కుని, బురఖా వేసుకుంది.

“ఎక్కడికే? అన్నం ఎవరు వండుతారు?” అంది అత్త.

ఆ మాటకి ఎప్పుడూ ఆగిపోయే కాళ్ళు ఈసారి ఆగలేదు. అన్వరీ వీధి మలుపు తిరిగేదాకా చాందినీ సకిలిస్తూనే ఉంది. అది వింటూనే ఆమె నడిచింది. తన లోపలా మొండివే మిగిలి ఉంటాయేమో, ఆలస్యం ఎప్పుడో అయిపోయిందేమో. అయినా ఆటో ఆపి, పెద్దాసుపత్రికి పోనిమ్మంది.

“ఎవర్ని చూడ్డానికమ్మా?” అన్నాడు ఆటో అతను.

“నన్నే,” అంది అన్వరీ.