కరుణమ్మ ఇంట్లో కృతజ్ఞతా కూడిక

కోస్తా క్రైస్తవుల ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో ఏ మేలు జరిగినా, పిల్ల పరీక్ష పాసైనా, కొత్త కారు కొన్నా, తెలిసినవాళ్ళందరినీ పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేయించి, కడుపునిండా భోజనం పెడతారు. దాన్ని కృతజ్ఞతా కూడిక అంటారు. 1983 జూన్‌లో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో, కరుణమ్మ తన ఉద్యోగం పేరు చెప్పి అలాంటి కూడిక పెట్టింది. ఆ ఉద్యోగం ఇంకెన్నాళ్ళో ఉండదని, వచ్చిన ముప్ఫైమందిలో దేవకుమార్ ఒక్కడికే తెలుసు.

కరుణమ్మ పనిచేసేది మాత్రల ఫ్యాక్టరీలో. చేదు మాత్రల మీద పంచదార పూత పూయడం ఆమె పని. గంగాళమంత గిన్నె గిరగిరా తిరుగుతుంటే అందులో వేలకువేల మాత్రలు దొర్లుతుంటాయి. వాటిమీద పాకం పోయాలి, ఆరనివ్వాలి, మళ్ళీ పోయాలి. ఎప్పుడు పోయాలో గడియారం చెప్పదు. దొర్లే మాత్రల చప్పుడు చెబుతుంది, గిన్నెలో పెట్టిన చెయ్యి చెబుతుంది. నరసాపురంలో ప్రతి క్రిస్మస్‌కీ అరిసెల పాకం పట్టిన మనిషి గనక ఆ విద్య ఆమెకు ఇట్టే అబ్బింది. పదకొండేళ్ళలో ఆమె చేతిమీద ఒక్క గిన్నె చెడిపోలేదు.

ఐర్లండ్ నుంచి ముగ్గురు వస్తున్నారు, వాళ్ళకు పని నువ్వే నేర్పాలి అని కంపెనీవాళ్ళు ఆమెను అడిగారు. పూత పూసే నలభైమంది పనివాళ్ళలో ఆమెనే ఎంచుకున్నారు. ఆమె పేరు చెక్కిన చెక్క పలక ఒకటి బహుమానంగా ఇచ్చారు. కరుణమ్మ పొంగిపోయింది. పొంగిపోదూ మరి! భర్త ఆనందబాబు పక్షవాతంతో మంచాన పడి రెండేళ్ళయింది. కంపెనీ ఇన్సూరెన్స్ పుణ్యమా అని ఆయనకు మాట నేర్పే వైద్యం సాగుతోంది. అప్పటికి పదిహేను మాటలు వచ్చాయి. వాటిలో భార్య పేరు ఒకటి.

ఫ్యాక్టరీ గురించి ఏవో పుకార్లు విని, ఆమె అంతకుముందే కౌంటీ హాస్పిటల్లో మందులు అందించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. జీతం తక్కువే గానీ ఇన్సూరెన్స్ ఉంది. రమ్మని ఉత్తరం వచ్చింది. సోమవారంలోగా జవాబు చెప్పాలి. కూడిక శనివారం.

ఇక దేవకుమార్ సంగతి. అతను అదే కంపెనీలో, పై అంతస్తులో, టాక్స్ డిపార్ట్‌మెంట్లో పనిచేస్తాడు. మార్చిలో పై అధికారి అతనికి ఒక లెక్క అప్పజెప్పాడు. ఇక్కడ మాత్రలు చేస్తే లాభంలో నూటికి నలభై ఆరు ప్రభుత్వానికి కట్టాలి. ఐర్లండ్‌లో చేస్తే నూటికి పది కడితే చాలు. ఆ లాభాన్ని అక్కడే అట్టేపెట్టినంతకాలం అమెరికా ప్రభుత్వం తన వంతు అడగదు. అడగనక్కర్లేదని చట్టంలోనే రాసుకుంది మహాతల్లి! జీతాల్లో పెద్ద తేడా లేదు, పనితనంలో ఇక్కడివాళ్ళదే పైచెయ్యి. అయినా ఆ ఒక్క పన్ను తేడా ముందు అవన్నీ గాలికి కొట్టుకుపోయాయి. దేవకుమార్ తప్పు లేకుండా లెక్క వేసి శభాష్ అనిపించుకున్నాడు. చెమట పట్టని చేత్తో నూటఅరవైమంది కూడు సముద్రం దాటించాడు.

విషయం బయటపెడితే ఉద్యోగం పోతుందని అతనిచేత సంతకం పెట్టించుకున్నారు. పైగా గ్రీన్‌కార్డు కాగితాలు ఇంకా కంపెనీ చేతుల్లోనే ఉన్నాయి. మూడు నెలలుగా అతను తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. భార్య లూసీకి కూడా చెప్పలేదు.

ఆ శనివారం, పాటలు మొదలుకాకముందు, మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాడు. కరుణమ్మ పులిహోర కలుపుతోంది.

“బాబూ, నువ్వు పైన ఆఫీసులో ఉంటావు గదా, ఒక్క మాట చెప్పు. సోమవారం హాస్పిటల్‌కి ఫోన్ చేసి రానని చెప్పేద్దామనుకుంటున్నా. కరెక్టేనంటావా?”

దేవకుమార్ గ్లాసులోకి నీళ్ళు వంపుకున్నాడు.

“హాస్పిటల్ జాబ్ కూడా మంచిదే కదక్కా. స్టెడీగా ఉంటుంది.”

“అదేంటి? ఇక్కడ నన్ను ఏరికోరి సెలెక్ట్ చేస్తేనూ!”

మూసేస్తున్నారక్కా, అంటే సరిపోయేది. ఒక్క మాట. అది గొంతుదాకా వచ్చింది కూడా. “దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా చెయ్యండక్కా,” అన్నాడు.

దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం ఎంత సులువు! పాపం ఆయన ఎదురు మాట్లాడడు.

పాటలయ్యాక సంఘపెద్ద రత్నరాజు గారు, “మన దేవకుమార్ బ్రదర్‌ది కూడా అదే కంపెనీ. ప్రార్థన ఆయన చేస్తేనే బావుంటుంది,” అన్నారు. దేవకుమార్ లేచి కళ్ళు మూసుకున్నాడు. ఆనందబాబు ఆరోగ్యం కోసం ప్రార్థించాడు, పిల్లల చదువుల కోసం ప్రార్థించాడు, ఊళ్ళో ఉన్నవాళ్ళ కోసం కూడా ప్రార్థించాడు. ఏ మేలు కోసం కూడిక పెట్టారో దాని ఊసే ఎత్తకుండా ఆమెన్ అనేశాడు. లూసీ తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది.

సోమవారం కరుణమ్మ హాస్పిటల్‌కి ఫోన్ చేసి రానని చెప్పేసింది.

ఐర్లండ్ నుంచి ముగ్గురు వచ్చారు. మంచివాళ్ళే, వాళ్ళ ఊళ్ళోనూ పనులు లేవట. కరుణమ్మ వాళ్ళ చేతులు పట్టుకుని గిన్నెలో పెట్టించి, చెవి వంచి విను అని చెప్పి, ఉన్న విద్యంతా దాచుకోకుండా నేర్పింది. ఇంటికి పిలిచి కోడికూర పెట్టింది. అక్టోబరులో వాళ్ళు ఆమెను కౌగిలించుకుని వెళ్ళిపోయారు. జనవరిలో నోటీసులొచ్చాయి. ఫిబ్రవరి చివరి శుక్రవారం ఫ్యాక్టరీకి తాళం పడింది.

పై అంతస్తుకు మాత్రం ఏమీ కాలేదు. ఏప్రిల్‌లో దేవకుమార్‌కి గ్రీన్‌కార్డు వచ్చింది. కృతజ్ఞతా కూడిక పెడదామని లూసీ అంటే, ఇప్పుడెందుకులే అన్నాడు.

హాస్పిటల్ ఉద్యోగం ఎవరికో ఎప్పుడో ఇచ్చేశారు. కరుణమ్మ హైవే పక్కన ఒక మోటెల్లో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పనిలో చేరింది. ఇన్సూరెన్స్ లేదు. ఆదివారాలు సెలవు లేదు. ఆనందబాబు వైద్యం ఆగిపోయింది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోసాగాయి. అవన్నీ వింటూ దేవకుమార్ తనకు తాను ఒకటే చెప్పుకునేవాడు: నేను హాస్పిటల్ ఉద్యోగం మంచిదన్నానుగా, ఆవిడే వినలేదు.

ఆ ఏడాదే నవంబరులో ఒక శనివారం సాయంత్రం కరుణమ్మ బస్సు దిగి వాళ్ళింటికి నడిచి వచ్చింది. లూసీ బజారుకెళ్ళింది. నాలుగు నెలల తర్వాత ఆమెకు రేపటి ఆదివారం సెలవు దొరికింది. రేపు చర్చిలో ప్రభువు బల్ల, అంటే క్రీస్తును తలుచుకుని అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ఎవరిమీదనైనా మనసులో కోపం ఉంటే, వాళ్ళతో సమాధానపడకుండా ఆ రొట్టె ముట్టకూడదని వాళ్ళ నియమం.

“కూర్చోను బాబూ, ఒక్క మాట చెప్పి వెళ్తా,” అంది గుమ్మంలోనే. “ఆవేళ వంటింట్లో హాస్పిటల్ జాబ్ మంచిదన్నావు. నాకు జరిగిన గౌరవం చూసి ఓర్వలేక అన్నావనుకున్నా. ప్రార్థనలోనూ నా ఉద్యోగం మాట ఎత్తలేదు. కుళ్ళుకుంటున్నాడనే అనుకున్నా. ఏడాదిన్నర మనసులో పెట్టుకున్నా. దేవుడు నీకు ముందే చూపించాడు, నేనే వినలేదు. నన్ను క్షమించు బాబూ.”

తనకంటే పదేళ్ళు పెద్దది, రెండు చేతులూ జోడించింది. కనీసం అప్పుడు నోరు మూసుకున్నా ఆమె మనసు తేలికపడేది. చెప్పాల్సినప్పుడు చెప్పనివాడికి ఊరుకోవాల్సినప్పుడు ఊరుకోవడం కూడా చేతకాలేదు. ఏడాదిన్నర బరువు భరించలేక దేవకుమార్ ఏడ్చేశాడు.

“నాకు చూపించింది దేవుడు కాదక్కా. ఐర్లండ్‌లో టాక్స్ తక్కువ, అక్కడికి షిఫ్ట్ చేస్తే లాభమని ఆ పేపర్స్ రెడీ చేసింది నేనే. మీ ఇంటికి వచ్చేసరికే నాకంతా తెలుసు.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

“నేను పులిహోర కలుపుతా అడిగానే, అప్పటికా?”

“అవునక్కా.”

“నేను అడిగాక కూడానా?”

“నా గ్రీన్‌కార్డు అప్పుడు...”

కరుణమ్మ జోడించిన చేతులు విడదీసి కోటు జేబుల్లో పెట్టుకుంది. తిట్టలేదు. తిడితే బావుణ్ణని అతననుకున్నాడు.

“ఆయనకి అప్పుడు నా పేరు వచ్చేది,” అంది. “ఇప్పుడు రావట్లేదు.”

మెట్లు దిగి వెనక్కి తిరిగింది. “తలుపు వేసుకోండి దేవకుమార్ గారూ, చలి లోపలికొస్తోంది.”

మర్నాడు వాళ్ళ సంఘం కూడుకునే చర్చి నేలమాళిగలో ఆమె చివరి వరసలో కూర్చుంది. రొట్టె పళ్ళెం చేతికి వస్తే ముట్టకుండా పక్కవాళ్ళకు అందించింది. మరిచిపోయిందేమోనని రత్నరాజు గారు మళ్ళీ తెచ్చి ముందు నిలబడ్డారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

దేవకుమార్ మాత్రం తీసుకున్నాడు. తీసుకోకపోతే ఎందుకని లూసీ అడుగుతుంది.