కుంటి గడియారం

పొద్దున ఆరింటికి సిస్టర్ వచ్చి గడియారాల తాత నడుం కింద సూది గుచ్చి వెళ్ళేది. మళ్ళీ రెండింటికి, మళ్ళీ పదింటికి. బొటనవేలికి గడియారం స్ప్రింగు గుచ్చుకుని, చీము మోచేతిదాకా ఎక్కితే ఆసుపత్రిలో చేర్చారు.

సూది తీయగానే అక్కడ చర్మం కింద మిణుగురంత వెలుగు పుట్టేది. ఆ వార్డులో అందరి మందూ అలాగే వెలిగేది. అరగంటలో కండలోంచి నెత్తుట్లోకి దిగి, ఒళ్ళంతా పలచగా పాకేది. చీము పట్టిన చేతి దగ్గర కాసేపు మసలేది. కాలేయం దాని జోలికి పోయేది కాదు, వచ్చింది వచ్చినట్టే సాగనంపేది. చివరికి నడుముకి రెండువైపులా మూత్రపిండాల దగ్గర పోగై, సీసాలోకి దిగిపోయేది. ఆ సీసా పట్టుకుంటే ఆయాకి చీకటి నడవాలో దీపం అక్కర్లేదు.

"తాతా, నీ లాంతరు పట్టుకెళ్తున్నా" అనేది.

తాత బాధంతా వార్డులో గోడగడియారం గురించి. "కుంటుతోందే అది! టిక్కుకీ టక్కుకీ ఎడం సమంగా లేదు. విప్పి చూస్తానంటే ఒక్కరూ నిచ్చెన ఇవ్వరు" అని భార్య ప్రాణం తీసేవాడు. ఆయన కళ్ళు ఎప్పుడో మసకబారాయి. గడియారం జబ్బు చెవితోనే పట్టేవాడు. ఆ చెవుల మీదే దుకాణం నడిచేది.

ముసలావిడకి మతిమరుపు. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందీ, మాత్ర వేసుకుందీ లేనిదీ అన్నీ పుస్తకంలో రాసుకునేది. ఆయన వెలుగూ రాసింది. మొదటిరోజు: "ఆరింటికి సూది. పన్నెండింటికి ఆరింది."

నాలుగోరోజు రెండింటికి సిస్టర్ సిరంజితో వస్తే ఆవిడ అడ్డం నిలబడింది.

"పొద్దున్నది ఇంకా ఆరలేదమ్మా."

"రోజూ అంతే కదా మామ్మగారూ. మర్చిపోయుంటారు."

"మర్చిపోతాననే కదా రాసుకుంది!"

సిస్టర్ విసుగ్గానే పుస్తకం అందుకుంది. రెండోరోజు ఒంటిగంటకి ఆరింది. మూడోరోజు ఆరనేలేదు. దాని కింద ఇంకో ముక్క: "ఈయన ఇవాళ గడియారాన్ని తిట్టలేదు. బాగుచేశారు కాబోలు."

"దాన్నెవరూ ముట్టుకోలేదే" అంటూ సిస్టర్ తాత తల పక్కకి తిప్పింది. చెవి వెనక వెలుగు చిక్కగా గూడు కట్టుకుని ఉంది.

సూదికి మూత పెట్టి డాక్టరుని పిలుచుకొచ్చింది. ఆయన పుస్తకం రెండుసార్లు చదివాడు.

"బరువు చూసి మోతాదు రాశాను, వయసు చూడలేదు. మూత్రపిండాలు నెమ్మదించాయి. పాతది పోకముందే కొత్తది ఎక్కిస్తున్నాం, మిగిలింది చెవుల్లో చేరి వినికిడిని తింటోంది. ఈ మందు ఆపేసి వేరేది ఇద్దాం."

"మరి చెవులో?"

"ఇంకొక్క సూది పడుంటే పోయేవే. ఇప్పుడు... చూడాలి మామ్మగారూ."

చెయ్యి కొత్త మందుతో మానుతూ వచ్చింది. పాత వెలుగు మాత్రం సీసాలోకి చుక్కచుక్కగా దిగింది. ఆ రెండు రోజులూ ఎవరేమడిగినా తాత వాళ్ళ పెదాలకేసే చూశాడు.

ఆరోరోజు మధ్యాహ్నం చెవి వెనక చీకటి పడింది. ముసలావిడ పుస్తకం తెరిచింది.

"ఏమే" అన్నాడు తాత, కళ్ళు మూసుకునే. "అది ఇంకా కుంటుతూనే ఉంది."

ఆవిడ రాస్తున్న మాట సగంలో వదిలేసి, నిచ్చెన వెతకడానికి లేచింది.