థర్మాకోల్ పురుగులు

కొత్త పాఠ్యక్రమం అన్న మాట చెవిన పడితే చాలు, నాగరత్న టీచరుకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఆ మాట తెలియని రోజుల్లోనే ఆమె ఆ పని చేసి చూపించింది మరి.

కురుడుమలె దాపున ఆమె పనిచేసే ఊళ్లో ఇంటింటా పట్టుపురుగులు మేపుతారు. పురుగు పండిందంటే, అంటే గూడు కట్టడానికి సిద్ధమైందంటే, ఇంటిల్లిపాదీ తట్టల మీద వంగి పండిన పురుగుల్ని ఏరి, చంద్రికలనే వెదురు తడికల మీద వెయ్యాలి. ఆలస్యమైతే పురుగు తట్టలో ఆకుల మధ్యే గూడు కట్టేస్తుంది, పంట పాడవుతుంది. ఆ రోజుల్లో నాలుగో తరగతి గది బోసిపోయేది. సొన్నప్ప కూతురు గిరిజ అయితే కంటికి కూడా కనిపించేది కాదు.

"బడి అడ్డమొస్తే బడే మానిపిస్తాను టీచరమ్మా," అని సొన్నప్ప మొహమాటం లేకుండా చెప్పేశాడు.

సరే, పిల్లలు రాకపోతే బడే వెళ్లాలి అనుకుంది నాగరత్న. పురుగులు పండిన రోజు తరగతినంతా సొన్నప్ప పురుగుల ఇంటికి నడిపించింది. చేతులు పురుగుల్ని ఏరుతుంటే నోళ్లు లెక్కలు కట్టాయి. తట్టలో ఇన్నుంటే చంద్రికకు ఎన్నెన్ని? భాగహారమంటే బల్ల కింద దూరే గిరిజ అందరికంటే ముందు అరిచి చెప్పింది. ఆ అరుపు వింటే నాగరత్నకు కడుపు నిండిపోయింది.

ఈ సంగతి కేజీఎఫ్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చే పద్మనాభకు తెలిసింది. ఆ ఊళ్లో బంగారు గనులు మూతపడ్డాయి గానీ ఆయన ఉపన్యాసాలు మూతపడలేదు. జీపేసుకుని వచ్చి, పురుగుల ఇంటి గడప దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"బలే ఉండాది నాగరత్నమ్మా! అన్ని బడుల్లో ఇదే పాఠం పెట్టిస్తాను. అయితే ఈ కంపులో యాడ చెప్పేది? థర్మాకోల్‌తో పురుగులు చేయించు. క్లాసులోనే ముగించేయొచ్చు."

"పిల్లోళ్లు ఈడుంటారనే కదా సార్, నేను ఈడికొచ్చినాను?"

ఆ ప్రశ్న ఆయన బుర్రకెక్కలేదు. ఎక్కడానికి అక్కడ చోటుంటే కదా! సాయంత్రానికల్లా ఆ పాఠానికి బారెడు పేరు పెట్టి, అది తన ఆలోచనేనని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

పాఠం చూడ్డానికి బెంగళూరు నుంచి పెద్దలు వచ్చే రోజు ఖాయమైంది. పురుగులకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు. సరిగ్గా ఆ ఉదయమే సొన్నప్ప ఇంట్లో పండి కూర్చున్నాయి.

"ఈ పొద్దుకు పిల్లోళ్లని పంపించేస్తాను సార్," అని నాగరత్న బతిమాలింది.

"గదిలో పిల్లోళ్లు లేకుంటే నా మర్యాద ఏం కావాల? ఆ గిరిజే కదా పాఠం చెప్పేది!" అంటూ పద్మనాభ గేటు వేయించాడు.

కూతురి కోసం పరుగున వచ్చిన సొన్నప్పకు నాగరత్న గేటు ఇవతలి నుంచే సర్దిచెప్పింది. "ఒక్క గంటే సొన్నప్పన్నా. నేనే పంపిస్తాను." ఆ మాట అన్న తన నోటి మీద ఆమెకు అప్పుడే అసహ్యం వేసింది. అయినా గేటు తియ్యలేదు.

పెద్దలు తీరిగ్గా భోజనాలు ముగించుకుని పొద్దు వాలాక దిగారు. గిరిజ తెల్లటి థర్మాకోల్ పురుగును ఎత్తి పట్టుకుని, కళ్లు గేటు మీదే పెట్టి, పట్టు ఎలా పుడుతుందో అప్పజెప్పింది. పెద్దలు చప్పట్లు కొట్టి ఫోటో తీసుకున్నారు. నిజం పురుగులు అప్పటికి తట్టల్లోనే గూళ్లు కట్టేశాయి.

మరునాడు సొన్నప్ప వచ్చాడు. అరిచినా బాగుండేది.

"గూళ్లన్నీ మరకలే టీచరమ్మా. నీ మాట నమ్మినాను. ఇంగ పాప రాదు."

నాగరత్న ఎన్నిసార్లు ఆ గడప తొక్కినా ఆయన మాట మారలేదు.

ఏడాది తిరిగేసరికి పద్మనాభ పాఠం కొత్త పాఠ్యక్రమం పేరుతో రంగుల పుస్తకమైంది. మల్బరీ ఆకైనా మొలవని ఊళ్లకూ థర్మాకోల్ పురుగులు పెట్టెల్లో వెళ్లాయి. ఆయన స్వయంగా ఒక ప్రతి తెచ్చి నాగరత్న చేతిలో పెట్టాడు. అట్ట మీద గిరిజ.

"ఆ పాప యాడమ్మా? ఇంకో ఫోటో తీయాల."

"అట్ట మీద ఉండాది కదా సార్. ఇంగ బడిలో ఎందుకు?"

అది పొగడ్త అనుకుని పద్మనాభ పకపకా నవ్వాడు.