పళ్ళ డాక్టరుగారి సోఫా

సోఫాలు కుట్టేవాడి చెయ్యి చూసి జాతకం చెప్పమంటే ఎవరైనా పారిపోతారు. గీతల కంటే గాట్లే ఎక్కువ. వంకర సూది గుచ్చుకున్నవి, మేకు గీరినవి, స్ప్రింగు కొస తగిలినవి, వాటిలో ఏది ఎప్పటిదో మాకే తెలియదు. గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని ఒకసారి చప్పరించి పని చూసుకోవడమే. ఇరవై రెండేళ్ళుగా మా అన్నయ్యా నేనూ చేస్తున్నది అదే. ఆ అలవాటు మంచిదో చెడ్డదో ఆ మంగళవారం దాకా నేను ఆలోచించలేదు.

ఆ రోజు పొద్దున పదింటికి మా షెడ్డులో ఉన్నది పళ్ళ డాక్టరుగారి సోఫా. ఆయన క్లినిక్కులో జనం దవడలు పట్టుకుని కూర్చునే మూడు సీట్ల సోఫా. కొత్తది కొన్నాక దాన్ని ఇంటి వెనక రేకుల కొట్టులో పడేశాడట. ఏడాది తిరిగేసరికి మనసు మారి, పాతదే గట్టిగా ఉంది, బాగుచేసి పెట్టమని ముందురోజు పంపించాడు. వాసన చూస్తేనే తెలిసింది, అందులో ఎలుకలు కాపురం పెట్టాయని. ఎలుకలున్న చోటికి వాటికోసం ఇంకెవరొస్తారో కూడా తెలియాల్సింది. తెలియలేదు. పనిలో ఉన్న తెలివి నాకు మిగతా విషయాల్లో ఉండదని మా వదిన ఊరికే అనదు.

మా పనికి ఒక పద్ధతి ఉంది. పాత సోఫాను బోర్లించి, అడుగు గుడ్డ కొంచెం చించి, ఒకరు అటు చివరనుంచి, ఒకరు ఇటు చివరనుంచి చేతులు పెట్టి లోపలి కుళ్ళిన పీచంతా లాగేస్తాం. కళ్ళతో చూసి చేసే పని కాదది, తడిమి చేసేది. అన్నయ్య ఆ చివర, నేను ఈ చివర. వదిన మిషను దగ్గర కొత్త రెగ్జిను కత్తిరిస్తోంది. అన్నయ్య నోట్లో ఎప్పటిలాగే మేకులు. మేకు కొట్టేటప్పుడు ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో గుడ్డ ఉంటాయి కాబట్టి మేకులకు నోరు తప్ప వేరే చోటుండదు. అన్నయ్యకు మాత్రం అవసరం ఉన్నా లేకపోయినా పొద్దున్నే ఓ పది మేకులు బుగ్గన పెట్టుకోకపోతే తోచదు. ఆ మేకుల మధ్యనుంచే కబుర్లు, జోకులు, తిట్లు అన్నీ. కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. నేను పక్కనుండి విడమర్చి చెప్పాలి.

మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతుంటే చూపుడువేలి పక్కన చురుక్కుమంది. మేకు అనుకున్నాను. వేలు చప్పరించి మళ్ళీ చెయ్యి పెట్టాను. రెండు గుప్పెళ్ళ పీచు వచ్చాక చిరుగులోంచి నల్లగా నిగనిగలాడుతూ తాడు ఒకటి కనిపించింది. సోఫా అంచులకు వేసి కుట్టే లావుపాటి తాడు. పాతదైనా బాగానే ఉంది, పనికొస్తుంది అనుకుని పట్టుకోబోయాను. అది తనంతట తానే లోపలికి వెళ్ళిపోయింది.

తాళ్ళు అలా వెళ్ళవన్న సంగతి నా బుర్రకెక్కడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

"అన్నయ్యా, చెయ్యి తియ్యి," అన్నాను.

"ఏం?"

"పాము."

అన్నయ్య చెయ్యి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు. మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేసి, "కరిచిందా?" అన్నాడు.

వేలు చూసుకున్నాను. అక్కడ ఏడు చుక్కలున్నాయి. ఏ రెండింటిని కలిపి చూసినా పాము కాటులాగే ఉంది. ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా సూది పోటులాగే ఉంది.

"తెలీదు," అన్నాను.

"కరిస్తే తెలీదట్రా?"

"ఏదో గుచ్చుకుంది. ఏం గుచ్చుకుందో తెలీదు."

వదిన కత్తెర పడేసి పరిగెత్తుకొచ్చింది. చేతికందిన నవారు ముక్క తీసి నా మోచేతి కింద బిగించింది. సోఫా అడుగున వేసే నవారు అది, ముగ్గురు మనుషుల బరువు మోసేది. "నువ్వు కదలకు, నడవకు, మాట్లాడకు," అంది. నడవకూడదంది కాబట్టి అన్నయ్య నన్ను చంటిపిల్లాడిలా ఎత్తుకెళ్ళి వ్యానులో కూర్చోబెట్టాడు. నలభై ఏళ్ళొచ్చాక అన్న చంకనెక్కడం సిగ్గుగానే ఉంది కానీ, సిగ్గుపడే తీరిక లేదు. షెడ్డుకు తాళం వేసి, తనే వ్యాను నడిపి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆమె అడిగినవి మామూలు ప్రశ్నలే. జవాబులే మా దగ్గర లేవు.

"పామును చూశారా?"

"చూశానండీ. తాడనుకున్నాను."

"ఏ రంగు?"

"నలుపు," అన్నాను.

"బూడిద రంగండీ," అంది వదిన, తను అసలు చూడకపోయినా.

"రెగ్జిను నలుపా, గుడ్డ నలుపా?" అని అన్నయ్య నన్నే ఎదురడిగాడు.

"ఎక్కడ కరిచింది?"

చెయ్యి చాపాను. ఆమె లైటు కింద తిప్పి తిప్పి చూసింది. ఎందుకైనా మంచిదని రెండో చెయ్యి కూడా చూసింది. చివరికి, "మీరేం పని చేస్తారు?" అంది. చెప్పాను. చెయ్యి వదిలేసింది.

ఈలోగా నర్సు నవారు చూసింది. "ఇది కట్టిందెవరు?" అంది. వదిన నేల చూపులు చూసింది. "ఇలా బిగిస్తే పాము వదిలినా ఇది వదిలేలా లేదు. కట్లు కట్టకూడదమ్మా. చెయ్యి కదపకుండా వెంటనే తీసుకొస్తే చాలు." డాక్టరమ్మ దగ్గరుండి దాన్ని మెల్లగా వదులు చేయించింది.

"ఏ పామో తెలియకపోయినా ఫరవాలేదు," అంది డాక్టరమ్మ. "విషం ఎక్కితే ఒంట్లో తెలుస్తుంది. తెలిస్తే మందిస్తాం. ఊరికే ఇవ్వం, ఆ మందు కూడా కొందరికి పడదు. రేపటిదాకా కనిపెట్టి చూస్తాం."

"అంటే నేను బతుకుతానా, పోతానా మేడమ్?"

"దానికే కనిపెట్టి చూస్తామంటున్నాను."

మంచమ్మీద పడుకోబెట్టారు. గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి పక్కన నిలబెట్టారు. ఇరవై నిమిషాల్లో గడ్డకడితే కొంత నయమట. గడ్డకట్టింది. ప్రాణం లేచొచ్చింది. "కొన్ని పాముల విషం ఇందులో తెలియదు," అంది డాక్టరమ్మ. వచ్చిన ప్రాణం ఎక్కడుండాలో తెలియక మళ్ళీ గొంతులోకి వచ్చి కూర్చుంది. తల ఎత్తమంది, ఎత్తాను. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంది, ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టాను.

"రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం. వీటిలో ఏది అనిపించినా వెంటనే చెప్పండి," అంది.

ఆ జాబితా నాకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పిన మరుక్షణం నుంచి అన్నీ మొదలయ్యాయి. రెప్పలు బరువెక్కాయి. గుటక వేస్తే అడ్డం పడింది, వెయ్యకపోతే నోరు ఎండింది. చెయ్యి తిమ్మిరెక్కింది, విషం వల్లో నవారు వల్లో తెలియలేదు. నర్సును నాలుగుసార్లు పిలిచాను. నాలుగోసారి ఆమె, "అంత గట్టిగా పిలవగలుగుతున్నారంటే బాగానే ఉన్నట్టు," అంది. ఆ మాటకు సంతోషించాలో కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

అన్నయ్య గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగోడకేసి చూస్తూ, "రెండు గడియారాలెందుకో, ఒకటి డాక్టర్లకీ ఒకటి మనకీనా?" అన్నాడు. గోడ నా వెనకవైపు ఉంది. నేను తిరిగి చూడలేదు. తమ్ముడి ప్రాణం మీదికొస్తే ఈయనకు ఎకసెక్కాలు కావాల్సి వచ్చాయని ఒళ్ళు మండింది. వదిన నా తలకు దిండు సర్దుతూ ఉంది. తనూ చూడలేదు.

కాసేపటికి అన్నయ్య కడుపులో తిప్పుతోందన్నాడు. "పొద్దున ఏమీ తినకుండా పనిలో దిగారు, తిప్పదా మరి," అని వదిన బన్ను కొనుక్కొచ్చి చేతిలో పెట్టింది. మళ్ళీ నా దగ్గరికి వచ్చి, "నీ నాలుక చూపించు చిన్నోడా," అంది. చూపించాను. నాలుకలో ఏం చూడాలో ఆవిడకు తెలియదు, నాకూ తెలియదు. అయినా ఇద్దరికీ కొంచెం ధైర్యం వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. అన్నయ్య కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. "పడుకోనీ, నీ బెంగతో సగమైపోయారు," అంది వదిన. నాకు ఉన్నట్టుండి ఇంకో అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, వెనక తలుపు వేశావా? ఆ పాము పక్కింట్లోకి పోతే?"

అన్నయ్య కళ్ళు తెరవకుండానే ఏదో అన్నాడు. వేశానని, కిటికీ కూడా మూశానని అన్నాడు. మరి పళ్ళ డాక్టరుకు ఫోన్ చేశావా అంటే, సాయంత్రం చేస్తానన్నాడు. అటుగా వెళ్తున్న నర్సు ఆగింది.

"ఆయనేమంటున్నారు?"

"తలుపు వేశాడట, ఫోన్ సాయంత్రం చేస్తాడట," అన్నాను. షెడ్డుకు వచ్చేవాళ్ళకు రోజూ చెప్పినట్టే చెప్పాను. "నోట్లో మేకులుంటే అంతేనండీ, మాకు అలవాటే."

"మేకులెక్కడున్నాయి?" అంది నర్సు.

నేను అన్నయ్య వైపు తిరిగాను. బన్ను కొరకనే లేదు, చేతిలో అలాగే ఉంది. పెదవి చివరనుంచి చొంగ కారి చొక్కా మీద పడింది. కళ్ళు మూసుకోలేదు తను. తెరవాలని చూస్తున్నాడు, రెప్పలు సగం కూడా లేవడం లేదు.

నర్సు డాక్టరమ్మను కేకేసింది. ఇద్దరు మనుషులు వచ్చి అన్నయ్యను పక్క మంచమ్మీదికి చేర్చారు. తల ఎత్తమంటే మెడ లేవలేదు. అంకెలు లెక్కపెట్టమంటే నాలుగు దగ్గర ఊపిరి అయిపోయింది. "ఈయన కూడా చెయ్యి పెట్టారా అందులో?" అని డాక్టరమ్మ అడిగింది. జవాబు చెప్పడానికి వదినా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొద్దుటినుంచి అన్నయ్యను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. తనకు గుచ్చుకున్నదేదో ఆయన కూడా రోజూ గుచ్చుకునే వాటిలో కలిపేసుకుని ఉంటాడు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా చెప్పడం దండగ. అన్నయ్య మెడ వాలిపోవడం చూసినప్పుడు నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. అమ్మయ్య, కరిచింది నన్ను కాదన్నమాట అనుకున్నాను. రెప్పల బరువు దిగింది, గుటక సాఫీగా పడింది. నన్ను ఎత్తుకుని వ్యానెక్కించిన మనిషి నా పక్కనే ఊపిరాడక కొట్టుకుంటుంటే, నాకు హాయిగా ఊపిరి ఆడింది. తర్వాత ఏడ్చాను, వదిన కంటే ఎక్కువే ఏడ్చాను. కానీ మొదట వచ్చింది మాత్రం అదే.

మందు ఎక్కించారు. అది పనిచేసేలోపు ఊపిరి ఆగకుండా గొంతులో గొట్టం వేసి మిషను పెట్టారు. మర్నాడు పాములు పట్టే ఆయన సోఫా విప్పి పామును తీసుకెళ్ళాడట. కట్లపాము అని, కరిచినా ఒక్కోసారి నొప్పే తెలియదని చెప్పాడట. ఆ పేరుతో అప్పటికి ఎవరికీ పని లేదు. నన్ను పరీక్షించి నాకేమీ లేదని పంపించేశారు. నేను ఇంటికి వెళ్ళలేదు. ఐసీయూ బయట వదిన పక్కనే కూర్చున్నాను. ఆవిడ నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు పొద్దున లోపలికి రమ్మన్నారు. గొట్టం ఇంకా తియ్యలేదు కానీ చేతివేళ్ళు కదులుతున్నాయి, రెప్పలు కొంచెం లేస్తున్నాయి. మాట్లాడలేడు కాబట్టి నర్సు అట్టమీద కాగితం పెట్టి పెన్ను చేతికిచ్చింది. వదిన మంచం పక్కకు వెళ్ళింది. ఆ మొహం చూసే ధైర్యం లేక నేను మిషను వెనకే ఆగిపోయాను, ఆయనకు కనిపించనంత దూరంలో.

ఆయన చాలాసేపు రాశాడు. అక్షరాలు పడిపోతున్నాయి, లేస్తున్నాయి. మూడే మాటలు. వదిన చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాగితం నాకు అందించింది.

"చిన్నోడికి ఎలా ఉంది" అని ఉంది అందులో.

తనను ఎందుకు ఇక్కడ పడుకోబెట్టారో ఆయనకు తెలియదు. పాము నన్నే కరిచిందని అనుకుంటున్నాడు. ఆ నాలుగు రోజులూ ఆయనకు ఎంత తెలివి ఉందో, ఎంత లేదో నాకు తెలియదు కానీ, ఉన్నంతసేపూ ఆయన భయపడింది నా కోసం.

"నువ్వే చెప్పు," అంది వదిన.

మిషను వెనకనుంచి బయటికి వచ్చి ఆయనకు కనిపించేలా నిలబడ్డాను. "బాగానే ఉన్నాను అన్నయ్యా," అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. వేళ్ళతో నా చెయ్యి తడిమాడు. తర్వాత కళ్ళు మూసుకుని నిద్రపోయాడు. కరిచింది తననేనని నేను చెప్పలేదు. కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.