తలుపేసుకుని అడిగిన మాటలు

చక్రధరరావు లెక్కలో లోకంలోని పనులు రెండే రకాలు. తూకానికి వచ్చేవి, రానివి. చింతపండు వస్తుంది, ఇప్పపువ్వు వస్తుంది. ఆఖరికి మాస్టర్ల పని కూడా వస్తుంది, పరీక్షల్లో ఎంతమంది గట్టెక్కారో చూస్తే తేలిపోతుంది. దోర్నపాల్‌లో ఆడపిల్లల హాస్టల్ బడికి కొత్తగా వచ్చిన కౌన్సెలర్ మేడం పనిని మాత్రం ఏ కాటా మీద పెట్టాలో అతనికి అంతుపట్టలేదు.

ఆమె పేరు కృపారాణి. కిరందుల్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రిది విజయనగరం వైపు. జగదల్‌పూర్‌లో చదివి, రాయ్‌పూర్‌లో ట్రైనింగ్ చేసి, సంచీ నిండా చార్టులతో బస్సు దిగింది. ఒక చార్టులో గుండ్రటి ముఖాలు. ఒకటి నవ్వుతుంది, ఒకటి ఏడుస్తుంది, ఒకటి పళ్లు కొరుకుతుంది. తన మనసు ఏ ముఖంలో ఉందో పిల్ల వేలు పెట్టి చూపాలట. ముఖాలన్నీ గులాబీ రంగువే. మన దోర్లా తెగ పిల్లల్లో ఈ రంగు ముఖం ఎక్కడుందో ముందు ఆ రాయ్‌పూర్ వాళ్లే వేలు పెట్టి చూపాలని చక్రధరరావు తన కొట్టు ముందు చెప్పి అందరినీ నవ్వించాడు.

తీరా బడివాళ్లకు అతనితోనే పని పడింది. మేడంకు హిందీ, తెలుగు వచ్చు, ఆ పిల్లల దోర్లీ భాష రాదు. చక్రధరరావుకు చిన్నప్పటి నుంచీ సంతలో బేరాలాడి దోర్లీ వంటబట్టింది. టీచర్లను పక్కన కూర్చోబెడితే పిల్లలు నోరు విప్పరని, బయటి పెద్దమనిషి అయితే మేలని ప్రిన్సిపాల్ ఊర్మిల తేల్చింది. మాటలు అమ్ముకునే దుకాణానికి మాటలు కూడా బయటి నుంచే తెప్పించాలా అని అతనికి నవ్వొచ్చింది. అయినా వెళ్లాడు. హాస్టల్‌కు పప్పూ నూనే అతని కొట్టు నుంచే వెళ్తాయి. ఆ సరఫరా చెడగొట్టుకునేంత అమాయకుడు కాదు.

గదిలోకి వచ్చిన పిల్ల లక్కే. తొమ్మిదో తరగతి. చదువులో ముందుండేదల్లా కొన్నాళ్లుగా అన్నం సరిగా తినడం లేదు, ఎవరు పలకరించినా పలకడం లేదు. కృపారాణి తలుపు మూసింది. తలుపు మీద హిందీలో రాసిన అట్ట ఉంది, ఇక్కడ చెప్పిన మాట ఇక్కడే ఉంటుందని. తమకు నేర్పిన మొదటి నియమం అదేనని ఆమె అతనికి వివరించింది. నియమం అంత గట్టిదైతే గదిలో పప్పుల వ్యాపారికి ఏం పనో అతను అడగలేదు.

లక్కే దోర్లీలో నోరు విప్పింది. ఆ పిల్ల తల్లి మాడ అనే రైతు చెల్లెలు. ఒక ఇంటి ఆడపిల్లను తెచ్చుకున్నవాళ్లు ఆమె కూతురిని మళ్లీ ఆ ఇంటికే కోడలిగా పంపాలి. దాన్ని పాలు తిరిగివ్వడం అంటారు. ఆ లెక్కన మేనమామ మాడ ఈ ఎండాకాలమే లక్కేను తన కొడుక్కి చేసుకుంటానంటున్నాడు. లక్కేకు ఇష్టం లేదు. నర్సు చదువు చదవాలని ఉంది. మామ ముందు ఆ మాట అనే ధైర్యం లేదు. చక్రధరరావు ఇదంతా తెలుగులో అప్పజెప్పాడు. కృపారాణి శ్రద్ధగా విని, వచ్చే వారం మళ్లీ రమ్మని పిల్లను పంపేసింది.

అక్కడే అతనికి ఒళ్లు మండింది. సంగతి చేతికొచ్చాక మళ్లీ వారం దేనికి? పంట కోసి కళ్లంలో వదిలేసేవాళ్లు కూడా ఉంటారన్నమాట. ఆమె మాత్రం లక్కేను వారం వారం పిలుస్తూనే ఉంది. ఒక్కోసారి అతనికి కబురు పెట్టేది, ఒక్కోసారి పెట్టేది కాదు. తను లేని రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గులాబీ ముఖాలు చూసుకుంటారు కాబోలు అనుకున్నాడు.

అసలు పొరపాటు ఆమె కంటికి ఆనలేదు. ఇక్కడి ఊళ్లలో ఎంత పెద్ద మాటైనా అందరి మధ్యా కూర్చుని తేల్చుకుంటారు. ఒక మనిషిని ఒంటరిగా గదిలోకి పిలిచి, తలుపేసి, ఇంట్లో ఎవరెవరున్నారు, దేనికి భయం, నిద్ర పడుతోందా అని అడిగేది పోలీసు క్యాంపులోనే. అలా వెళ్లొచ్చే మనిషికి ఊరు పెట్టే పేరు ముఖ్‌బిర్, అంటే అడవిలో దళం వాళ్ల ఖబర్లు పోలీసులకు చేరవేసే మనిషి. ఆ పేరు పడ్డవాళ్లు కొందరు ఊరొదిలి పారిపోయారు. కొందరికి పారిపోయే వ్యవధి కూడా దొరకలేదు. చక్రధరరావు ఈ సంగతి మొదటి రోజే పసిగట్టాడు. ట్రైనింగ్ అయినవాళ్లకు తెలియకపోతుందా అని ఊరుకున్నాడు.

తలుపేసుకునే సంగతి ఊరికి పాకింది. సంత రోజున మాడ ఊరివాళ్లను వెంటబెట్టుకుని బడి గేటు దగ్గరికి వచ్చాడు. లక్కేను ఇంటికి తీసుకుపోతానన్నాడు. పోతే చదువు అక్కడితో సరి. పైగా ఆ పేరు మోసుకుంటూ ఊళ్లో అడుగుపెట్టాలి. ఊర్మిల ఫోను చెవికి పెట్టుకుని ఆఫీసులోకి తప్పుకుంది. కృపారాణి చక్రధరరావుకు కబురు పెట్టింది. అతను వచ్చేసరికి సంతలో సగం జనం అక్కడే ఉన్నారు.

"ఏంది సేటూ, నువ్వు గూడ ఆ గదిల కూసున్నవంట," అన్నాడు మాడ దోర్లీలో. "మా పిల్లనేమడిగిన్రు? ఊరి సంగతులేమన్న అడిగిన్రా?"

కృపారాణి తెలుగులో చెప్పింది. "ఊరి గురించి ఒక్క మాట కూడా అడగలేదని చెప్పండి. లక్కే నాతో చెప్పింది మాత్రం నేను బయటపెట్టనండీ. మాటిచ్చాను."

నలుగురూ అనుమానంతో ఉడికిపోతుంటే, దాచిన మాట ఉందని తనే ఒప్పుకుంటోంది. మూట విప్పను, లోపల మంచి సరుకే ఉంది, కొనుక్కోండి అన్నట్టుంది. ఈమెకు సర్టిఫికెట్ ఇచ్చిన మహానుభావుడు ఎవరో అనుకుని, చక్రధరరావు ఆమె మాట పక్కన పడేసి, దోర్లీలో తన మాట అల్లాడు.

"ఏం లేదు మాడా. పిల్లకు రాత్రిపూట పక్క తడుస్తది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలే. మేడం దానికి మందు మాటలు చెప్తున్నది."

గుంపులో నవ్వులు లేచాయి. మాడ ముఖం సడలింది. చక్రధరరావు లోలోపల లాభం చూసుకున్నాడు. ముఖ్‌బిర్ పేరు పోయింది, పక్క తడిపే పిల్లను మాడ పెళ్లాం కోడలిగా అడగదు. ఒక్క అబద్ధంతో రెండు పనులు. గేటు ఊచల వెనక లక్కే తల వాల్చేసింది.

"అది అబద్ధం."

ఆ మాట దోర్లీలో వచ్చింది, కృపారాణి నోటి నుంచి. చక్రధరరావు ఉలిక్కిపడ్డాడు. అతను లేని రోజుల్లో ఆ ఇద్దరూ ఏం చేశారో అప్పటికి గాని అతనికి తెలియలేదు. "సేటు చెప్పింది నేను అనలే," అని ఆమె తడబడుతూ, మాట మాట ఏరుకుంటూ చెప్పుకొచ్చింది. "తలుపు ఏసింది నేను. నాకు మీ పద్ధతి తెల్వలే. తప్పు నాది. పిల్లది కాదు."

సంతలో నిలబడి తన సరుకులో పుచ్చు తనే చూపించే మనిషిని చక్రధరరావు అంతవరకు చూడలేదు. ఇక పని అయిపోయినట్టేననుకున్నాడు. ఆమె లక్కే వైపు తిరిగి మెల్లగా అడిగింది. చెప్పడమా, మానడమా నీ ఇష్టం, చెప్పకపోయినా నేను నీ పక్కనే ఉంటానంది. లక్కే గేటు తోసుకుని బయటికొచ్చింది.

"మామా, నాకు పక్క తడ్వది. నీ ఇంటికి కోడలిగ రానన్న. వారం వారం అదే చెప్పిన."

"గంతేనా?"

"గంతే."

"గీ మాటకు తలుపేసుకునుడెందుకు?"

"నీకు భయపడి."

కాదన్న మాట అందరి ముందూ వినడం చిన్న సంగతి కాదు. మేనకోడలి మీద పడబోయిన పేరు తప్పడమూ చిన్నది కాదు. ఏది ఎక్కువ బరువో మాడే తేల్చుకోవాలి.

"పదో క్లాసు కానియ్యి," అన్నాడు చివరికి. "అటెన్క ఊర్ల కూసుందాం. అందరి ముందర."

"కూసుందాం. అప్పుడు గూడ ఇదే చెప్త," అని లక్కే లోపలికి వెళ్లిపోయింది.

గుంపు పలచబడింది. తన అబద్ధంతో అయితే ఎవరి పరువూ పోకుండా ఎప్పుడో తేలిపోయేదని చక్రధరరావు మేడంతో అన్నాడు.

"ఆ పిల్ల పరువు పోయేదండీ," అంది కృపారాణి. "ఇక మీరు రానక్కర్లేదు. పిల్లల భాష మనకు వస్తేనే పని మొదలవుతుందని ఆలస్యంగా తెలిసింది నాకు. రేపటి నుంచి వరండాలోనే కూర్చుంటాను, అందరికీ కనబడేలా."

నిన్నగాక మొన్న వచ్చిన కాంట్రాక్టు పిల్ల చేత పొమ్మనిపించుకున్నందుకు పళ్లు కొరుక్కుంటూ చక్రధరరావు సంత దారి పట్టాడు. ముందు మాడ కావడి భుజాన వేసుకుని నడుస్తున్నాడు. కావడిలో కొత్త చింతపండు. కొట్టు ముందుకు రాగానే, ఎప్పటిలాగే దించమన్నట్టు చక్రధరరావు అరుగు చూపించాడు.

మాడ ఆగలేదు. "మా పిల్ల మీద గసుంటి మాట పుట్టించినోనికి నేను సరుకియ్య," అని పోటీ వ్యాపారి ఉపేంద్ర కొట్టు వైపు తిరిగాడు. వెనకే అతని ఊరివాళ్ల కావళ్లన్నీ తిరిగాయి.