జామీను నిలువవచ్చిన తల్లి

హేమంత పూర్వాహ్ణమున కొండల మీదినుండి దిగివచ్చిన మంచు న్యాయస్థానపు పెంకుల కప్పును ఇంకను వీడక, ఎండ సోకినచోట మాత్రము కరగి చూరునుండి బొట్టుబొట్టుగా జాఱుచుండెను. ఆ చూరుక్రింద, కొంగున చుట్టిన పొలము పాసుపుస్తకమును ఱొమ్మునకు హత్తుకొని, రెడ్డెమ్మ యను వృద్ధురాలు తన యేకైకపుత్రుని కేసు పిలుపునకై నిరీక్షించుచుండెను.

ఆ పుత్రుడు గుఱ్ఱప్ప. పొలముగట్టు తగవున క్రోధాంధుడై పినతండ్రి కుమారుడగు సిద్ధప్పపై నాటుతుపాకి పేల్చి, వాని భుజమును గాయపఱిచి, నలువది దినములుగా చెఱలో నుండెను. ఆనాడు బెయిలు విచారణ. తల్లి జామీను నిలువవలెను. అయితే పోలీసులెఱుగని దొకటి కలదు: తుపాకులు రెండు. రెండవది దొడ్డిలోని చొప్పవామి యడుగున నుండెను. కడచిన వారము చెఱసాలలో తల్లిని జూచి గుఱ్ఱప్ప, "వామి కదిలించొద్దుమా. నేనొచ్చినాక సిద్దన్నతో పనుండాది" అని నవ్వెను. నాటినుండి ఆమెకు కంటికి కునుకు లేదు.

వకీలు దరిజేరి, "అవ్వా, జడ్జిదొర యేమడిగినా అవును సామీ అను. అంతకుమించి నోరు తెరవద్దు" అనెను.

"నోరు తెరవకుండా అవునని యెట్లంటాను సామీ?" అని ఆమె యడుగగా చుట్టునున్నవారు నవ్విరి.

న్యాయాధిపతి సౌమ్యుడు. ముదుసలిని ముందునకు పిలిపించి, "ఏమమ్మా, వాయిదాకు కొడుకును తెచ్చి నిలబెడతావా?" అని యడిగెను.

"నిలబెడతా సామీ."

"ఇంట్లో ఇంకేమైనా ఆయుధముందా?"

రెడ్డెమ్మ బోనులోని కొడుకును జూచెను. వెనుక బల్లపై కట్టుగట్టిన చేతితో సిద్ధప్ప కూర్చుండ, వాని యాలు గ్లాసెడు నీళ్లు వాని నోటికందించుచుండెను.

"ఉండాది సామీ. చొప్పవామి కింద ఇంకోటుండాది. దాన్ని తీసకపోండి. వాణ్ణి... ఇప్పుడే ఇడిచిపెట్టొద్దండి."

విడిపింపవచ్చిన తల్లియే బంధించెను. బెయిలు నిరాకరింపబడెను. సంకెళ్లతో కడచిపోవుచు గుఱ్ఱప్ప, "నువ్వు నన్ను కన్నతల్లివేనా? పగదానివి గదే!" అని యఱచెను.

పిమ్మట మూడు వారములు ఆమె చెఱసాలకు పోయెను. మూడు వారములును కొడుకు బయటకు రానొల్లడయ్యెను. నాలుగవ వారమున వచ్చి, ఇనుపజాలి వెనుక తలవంచుకొని నిలిచెను. చిక్కిన మొగమున గడ్డము పెరిగియుండెను. అతడు పలుకలేదు, ఆమెయు పలుకక గంట మ్రోగువఱకు వానినే చూచుచుండెను.

కాపలావాడు ద్వారము తెఱచుచు, "ఏందవ్వా, ఇంతదూరం బస్సెక్కి వచ్చి ఒక్క మాటన్నా ఆడకపోతివే. చూసేదానికి వాడేమన్నా దేవుడా?" అని పరిహసించెను.

"ఆడేదేముంది నాయనా," అని రెడ్డెమ్మ ద్వారబంధము పట్టుకొని మెల్లగా దిగుచు ననెను. "ఇద్దురూ బతికుండారు."