చెయ్యని తప్పుకి క్షమాపణ

హేమ మొదటిసారి పడిపోయింది చర్చిలో, ఆదివారం ప్రార్థన మధ్యలో. కళ్ళు తేలేసి, పళ్ళు బిగించి, కాసేపటికి తేరుకుని "లీలావతి ఆంటీ నా వంకే చూస్తోంది" అంది. మరుసటి వారం ఇంకో ఇద్దరు ఆడపిల్లలు అలాగే పడిపోయేరు. వాళ్ళూ అదే పేరు చెప్పేరు. ఇంక ఊరంతా ఒకటే మాట: ఆవిడ చేతబడి చేసింది, చిల్లంగి పెట్టింది.

లీలావతికి అరవై దాటేయి. భర్త శామ్యూల్ పోయి చాన్నాళ్ళయింది, పిల్లల్లేరు. ముక్తేశ్వరం అవతల ఆ చిన్న ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడే కుట్టేది. ఇప్పుడు ఇచ్చిన గుడ్డలు కుట్టకుండానే పట్టుకుపోయేరు. కుళాయి దగ్గరికి వెళితే అందరూ బిందెలు తీసుకుని పక్కకి జరిగేవారు. తల్లులు పసిపిల్లల్ని కొంగు చాటుకి లాక్కునేవారు.

హేమ ఎందుకలా చేసిందో ఆవిడకి తెలుసు. చర్చిలో పడిపోడానికి ముందురోజు సాయంత్రం కాలవగట్టు పక్క కొబ్బరితోటలో ఆ పిల్ల పొరుగూరి కుర్రాడితో కనబడింది. "ఇంటికెళ్ళమ్మా, చీకటి పడుతోంది" అని మాత్రమే అందీవిడ. హేమ మొహం పాలిపోయింది. వాళ్ళ నాన్న దొరబాబు కోపం ఊరందరికీ తెలిసిందే. విషయం చెవినపడితే పిల్లని బతకనివ్వడు. చిల్లంగిదని పేరుపడ్డ మనిషి చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

సంఘపెద్ద యేసురత్నం ఆవిడకి సొంత మరిదే. ఓరోజు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రండి మరిదిగారూ."

"వద్దులెండి వదినగారూ. ఒక్కమాట. ఆదివారం అందరి ముందూ, తప్పయిపోయింది, ఇంక చెయ్యనని చెప్పెయ్యండి. ప్రార్థన చేసేసి ఊరుకుంటాం."

"చెయ్యనిదాన్ని చేశానని ఎలా చెప్పనండీ?"

"అంటే మీకేం పోతుందండీ?"

"నేనే పోతానండి."

"మరి ఆ పిల్ల మీ పేరే ఎందుకు చెప్పిందండీ?"

కొబ్బరితోట మాట లీలావతి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

ఆదివారం వెళ్ళి కూచుంటే ఆవిడ వరసంతా ఖాళీ అయిపోయింది. ప్రార్థన అయ్యేక యేసురత్నం లేచి, "మన సహోదరిని సంఘం క్షమించింది" అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ లీలావతి నిలబడింది.

"ఆ క్షమాపణ నాకొద్దండి. నేనేం చెయ్యలేదు."

పాటలు పాడే పిల్లల్లో హేమ ఉంది. లీలావతి ఆమె వంక చూసి ఆగింది. హేమ తలెత్తలేదు. ఆవిడ ఒక్కతే బయటికి నడిచింది.

తరవాత ఎవరో కబురు పెడితే పోలీసులొచ్చి, ఆవిడ జోలికెళితే కేసు పెడతామని హెచ్చరించేరు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవరూ పలకరించనూ లేదు. కొన్నాళ్ళకి పిల్లలు పడిపోవడం మానేరు. ఊరు ఆ సంగతి మర్చిపోయింది గానీ ఆవిడ గుమ్మం తొక్కడం మాత్రం మళ్ళీ మొదలెట్టలేదు.

నర్సింగు చదువుకి కాకినాడ వెళ్ళే ముందు హేమ వచ్చి గేటు పట్టుకు నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"నాన్నకి చెప్పలేదు కదండీ మీరు?"

"లేదమ్మా."

"నేనూ... చెప్పలేనండి ఆంటీ."

"తెలుసమ్మా. బాగా చదువుకో."

పిల్ల వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో నిజం తెలిసిన ఇంకో మనిషంటూ ఉంటే అదొక్కత్తే. లీలావతి గేటు వేసి లోపలికెళ్ళింది.

ఇప్పుడు ఆదివారాలు ఆటో ఎక్కి అంబాజీపేటలో చర్చికి వెళుతోంది. పక్కన కూచున్నవాళ్ళు పేరడిగితే "లీలావతండి" అంటుంది. ఆ పేరు ఇక్కడిదాకా వచ్చిందేమోనని వాళ్ళ మొహాల్లోకి చూస్తుంది.